ఏడు రంగుల హెడ్‌సెట్ కాదు, ముందు మైకు కొనండి



ఈసారి సియాసత్ లేదు, ఎలక్షన్లు లేవు. మా ఇంట్లో జరిగిన జగడం గురించి రాస్తున్నాను. జగడం ఒక హెడ్‌సెట్ కోసం.

మావాడు ఇంటర్ చదువుతున్నాడు. రాత్రిపూట కంప్యూటర్లో వాలరంట్ ఆడతాడు. పాత హెడ్‌ఫోన్స్‌లో దుష్మన్ అడుగుల చప్పుడు ఏ పక్కనుంచి వస్తోందో తెలియడం లేదంట. సెవెన్ పాయింట్ వన్ సరౌండ్‌ది కావాలన్నాడు. చెవుల చుట్టూ రంగుల లైట్లు, ధర తొమ్మిది వేలు. నేను వెంటనే మన బుజుర్గుల తకియా కలామ్ అందుకున్నాను: "ఇస్రాఫ్! ఫుజూల్ ఖర్చీ!" వాడు మూతి ముడుచుకుని పోయినాడు. అబ్బాగా నా ఫర్జ్ తీరిందనుకున్నాను.

ఆ తర్వాత కొన్నాళ్లకు మా ఖాలా ఇంతెఖాల్ అయింది. అమ్మీకి చెల్లెలు. షాదీల్లో ఢోలక్ ముందర ఆమె కూర్చుంటే అల్మాస్‌పేట నుంచి నకాష్ దాకా చుట్టాలంతా వచ్చి చుట్టూ చేరేవాళ్లు. పెళ్లికొడుకు అమ్మను ఆటపట్టించే పాటలు, బిడ్డను సాగనంపే పాటలు, జోలపాటలు, అన్నీ జుబానీ. కాగితం మీద ఒక్కటి లేదు. చాలీస్వాఁ నాడు అందరూ నన్నే అడిగారు: "నువ్వు అఖ్బార్ వాడివి కదా భాయ్, రికార్డు చేసే ఉంటావు."

చేశాను. నాలుగేళ్ల కింద ఒక షాదీలో ఫోను బీరువా మీద పెట్టి మూడు గంటలు. ఇప్పుడు వింటే ఫ్యాన్, కూలర్, గిన్నెల చప్పుడు, పిల్లల అరుపులు. వాటి అడుగున ఎక్కడో ఖాలా. ఏ కొడుకునైతే తిట్టానో వాడి దగ్గరికే ఆ ఫైలు పట్టుకెళ్లాను, సాఫ్ చేయమని. రెండు రాత్రులు కూర్చున్నాడు. మూడోనాడు, "అబ్బా, ఫ్యాన్‌ను తీసేస్తే ఛోటీ దాదీ కూడా పోతాంది" అన్నాడు.

ఇరవై ఏళ్లుగా ఎమ్మెల్యేల ప్రెస్‌మీట్లు రికార్డు చేసినవాణ్ణి. మైకు వాళ్ల మూతి దగ్గరికి తోసి మరీ చేశాను. ఖాలా విషయానికొచ్చేసరికి ఫోను బీరువా మీద పెట్టాను. ఈ షర్మ్ నాది, ఇంకెవరిదీ కాదు.

అందుకే ఇప్పుడు నా పాత మాట మీద నేనే లడాయికి దిగుతున్నాను. పిల్లవాడి మేజా మీద ఒక మంచి మైకు ఉండటం ఇస్రాఫ్ కాదు. ఒక్క రాత్రి షాదీకి డీజే పెట్టి, గోడలు అదిరేట్టు వాయించి, తెల్లారేసరికి వేలకు వేలు హవాలో కలపడం ఇస్రాఫ్. దాన్ని మన మొహల్లాలో ఎవరూ అడగరు. కంప్యూటర్ ముందర కూర్చున్న పిల్లవాడినే అందరూ అడుగుతారు.

ఇంకొక గిరోహ్ ఉంది: ఉర్దూ ప్రేమికులు. నేను ఉర్దూ మీడియంలో చదివినవాణ్ణి. ఇంట్లో మాట్లాడే "నక్కో", "కైకు", "హౌ" క్లాసులో నోరుజారితే ఉస్తాద్ బెత్తం తీసేవాడు, అది ఘలత్ జబాన్ అని. తెలుగువాళ్లేమో దాన్నే "తురకం" అంటారు. అటు ఉర్దూ కాక, ఇటు తెలుగు కాక, మన అమ్మల జబాన్ యతీమ్ అయింది. బిజాపూర్ సూఫీల కాలంలో ఆడవాళ్లు తిరగలి దగ్గర పాడుకోవడానికి చక్కీనామాలు, రాట్నం దగ్గర చర్ఖానామాలు ఈ దక్కనీలోనే పుట్టాయి. మనం మాత్రం ముషాయిరాకు లఖ్నవీ తలఫ్ఫుజ్ తెచ్చిపెట్టుకుని వాహ్ వాహ్ అంటాం. ఇంట్లో నానీ పాడితే టీవీ సౌండు పెంచుతాం.

1820లో బ్రౌన్ దొర మన కడపకు వచ్చాడు. తర్వాత ఇక్కడే బంగళా కొని, సొంత డబ్బుతో పండితులను పెట్టుకుని తెలుగు తాళపత్రాలకు నకళ్లు రాయించాడు. ఆ జాగాలోనే ఇప్పుడు ఆయన పేరిట లైబ్రరీ ఉంది. పరాయి ముల్కువాడు ఇంకొకరి జబాన్ కోసం జేబు ఖాళీ చేసుకున్నాడు. మనకు సొంత అమ్మ గొంతు కోసం నాలుగైదు వేలు బరువా?

సరే, ఇక పిల్లలతో. బేటా, ఆ సెవెన్ పాయింట్ వన్ డబ్బా మీద రాతను నమ్మొద్దు. అట్లాంటి హెడ్‌సెట్లలో చాలావాటికి చెవికి ఒకటే స్పీకరు, మిగతాదంతా సాఫ్ట్‌వేర్ కర్తబ్. వాలరంట్ సెట్టింగుల్లోనే హెచ్‌ఆర్‌టీఎఫ్ అని ఒకటి ఉంది. దిశ తెలియడానికి అది, మామూలు స్టీరియో హెడ్‌ఫోన్స్ చాలు. దానిపైన హెడ్‌సెట్ సరౌండ్ కూడా ఆన్ చేస్తే దిశ ఇంకా గందరగోళం. బ్లూటూత్ అయితే వద్దే వద్దు: చప్పుడు ఆలస్యంగా వస్తుంది, మైకు తెరిస్తే చాలావాటిలో అంతా ఫోన్‌కాల్ మాదిరి అయిపోతుంది. లైట్లకు పోసే పైసలు మైకుకు పెట్టు. యూఎస్‌బీ డైనమిక్ మైకు ఒకటి తీసుకుంటే విడిగా ఇంటర్‌ఫేసు డబ్బా కూడా అక్కర్లేదు. రాత్రి దోస్తులతో ఆటకు అదే, ఇంట్లో రికార్డింగుకు అదే. కండెన్సర్ మైకు మంచిదే, కానీ అది సున్నితమైనది. మన ఇళ్లలో పక్కింటి కుక్కర్ విజిల్ కూడా పట్టుకొస్తుంది.

మైకు కంటే ముందు గది. మన ఊరి పేరుతో అమ్ముడయ్యే నల్ల కడప రాయి ఇక్కడ ప్రతి ఇంట్లో పరిచి ఉంటుంది. ఎండాకాలం కాళ్లకు చల్లన. గొంతుకు మాత్రం ఆ బండలు, సిమెంటు గోడలు, ఇనుప బీరువా పచ్చి దుష్మన్‌లు. చప్పుడు వాటికి కొట్టుకుని తిరిగి మైకులోకి వస్తుంది. దానికి ఫోమ్ ముక్కలు కొనాల్సిన పని లేదు. కింద జంఖానా పరవండి, వెనక రజాయీలు వేలాడదీయండి, కిటికీకి మందం పర్దా. మైకు నోటికి జానెడు దూరంలో ఉండాలి. దూరం రెట్టింపైతే గొంతు ఆరు డెసిబెల్స్ పడిపోతుంది, ఫ్యాను గోల మాత్రం అంతే ఉంటుంది. నా బీరువా పది అడుగుల దూరంలో ఉండింది, హిసాబ్ మీరే వేసుకోండి. కంప్యూటర్‌ను ఎర్తింగ్ ఉన్న ప్లగ్గుకు పెట్టకపోతే సన్నగా గుంయ్యిమనే మోత రావచ్చు, అదీ చూసుకోవాలి. ఆడాసిటీ ఉచితం. మోనోలో, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, వేవ్ ఫైలు. గంటకు సుమారు 500 ఎంబీ. రెండు చోట్ల దాచండి, ఒకటి ఇంటి బయట.

కొందరు అడుగుతారు, ఆడవాళ్ల గొంతు రికార్డు చేయడమేంటి అని. ఇజాజత్ అడగండి. వాళ్లు ఇంట్లోవాళ్లకే అంటే ఇంట్లోవాళ్లకే, యూట్యూబ్‌కు ఎక్కించే హక్కు మనకు లేదు. కానీ ఆ ప్రశ్న అడిగేవాళ్లు అమ్మీ బదులు వాళ్లే జవాబు చెప్పేయడం నాకు నచ్చదు.

చివరికి మావాడికి మైకు కొన్నాను. మామూలు హెడ్‌ఫోన్స్ కూడా. రెండూ కలిపి వాడు అడిగినదానికంటే తక్కువే అయ్యింది. అడుగులు వినబడుతున్నాయంట, రోజూ రాత్రి ఎవరినో చంపుతూనే ఉన్నాడు. నేను మాత్రం ఫజర్ నమాజ్ కోసం ఎదురుచూస్తున్నాను. ఆ వేళకు ఆటోలు ఉండవు, కూలర్ అక్కర్లేదు, అమ్మీ ఎట్లాగూ మేలుకునే ఉంటుంది.

మొన్న జుమ్మా పొద్దున మొదలుపెట్టాం. మనవడు మైకు జరిపాడు, ఫ్యాను ఆపాడు, ఎర్ర బటన్ నొక్కాడు. ఖాలా పాటల్లో ఎన్ని గుర్తున్నాయని నేను అడగబోతున్నాను. ఫైలు తెరిస్తే ముందు వినబడేది అమ్మీ గసురు: "పంఖా కైకు బంద్ కరే రే?"