మూస చేశారు, ఇస్తేమాల్ ఎవరు చెప్తారు?

తెలుగు వికీపీడియాలో మూస తయారుచేసి, దాన్నెలా వాడాలో ఒక్క ముక్క రాయకుండా వెళ్లిపోయే భాయీలూ, మీ మెహనత్‌కు సలాం. కానీ మీ ఖిద్మత్ ఇంకా అధూరాగానే ఉంది.

"కోడ్ చూస్తే తెలుస్తుంది కదా" అంటారు. కోడ్ చదవగలిగినవాడు తన మూస తానే చేసుకుంటాడు. పని పడేది మన మొహల్లా మసీదు గురించో, ఊరి దర్గా గురించో మొదటిసారి రాయబోయే పిల్లకి. పుట్టినతేదీ మూసనే తీసుకోండి. అందులో ముందు సంవత్సరం, తర్వాత నెల, చివర రోజు ఇవ్వాలి. మనకు అలవాటైన వరసలో రోజు ముందు రాస్తే గల్తీ చూపిస్తుంది. ఆ పిల్ల 'నాకు రాదులే' అని లేచిపోతుంది. కసూర్ ఎవరిది?

ఇలాజ్ కష్టమేం కాదు. మూస కోడ్ చివర నోఇన్‌క్లూడ్ ట్యాగుల మధ్య డాక్యుమెంటేషన్ మూస పెట్టండి. దాని ఉపపేజీలో మూడు సంగతులు రాయండి: ఏ ఖానాలో ఏమివ్వాలి, ఏది తప్పనిసరి, వాడి చూపించిన ఒక నమూనా. టెంప్లేట్‌డేటా కూడా చేరిస్తే విజువల్ ఎడిటర్‌లో ఆ ఖానాలు వివరణతో సహా కనిపిస్తాయి.

ఇల్మ్ అమానత్. రాసిపెట్టి వెళ్తే సదఖా-ఎ-జారియా. బుర్రలోనే దాచుకుంటే మీరు తప్పుకున్న రోజున మీ మూసా బేకారే.