సూపర్ హీరోయిన్ పేరు దాచుకోవాలా?



సూపర్ హీరోయిన్ అంటే సినిమా హీరోయిన్ కాదు. శక్తులుండి జనాన్ని కాపాడే అమ్మాయి. ఇలాంటి కథల్లో చాలామందికి రెండు పేర్లుంటాయి. 1997లో దూరదర్శన్‌లో మొదలైన శక్తిమాన్ మేడమ్ వాళ్ళకు గుర్తుండే ఉంటుంది. శక్తిమానే కళ్ళద్దాలు పెట్టుకుని గంగాధర్ అనే అమాయకుడిలాగ తిరుగుతాడు. మరి అమ్మాయి కూడా ఇలా దాచుకోవాలా?

దాచుకోవాలనే కొందరంటారు. పేరు తెలిస్తే శత్రువులు ఇంటివాళ్ళ మీద పడతారు కదా. అది నిజమే, నేను కాదనను.

కానీ వండర్ ఉమన్‌ని చూడండి. ఈమె 1941లో అమెరికా బొమ్మల కథల్లో వచ్చింది. అసలు పేరు డయానా. ఆడవాళ్ళే ఉండే దీవికి రాకుమారి. అమెరికా వచ్చాక తనలాగే ఉన్న ఒక నర్సుకి డబ్బులిచ్చి ఆమె పేరు తీసుకుంది. వాళ్ళమ్మ ఎక్కడో దీవిలో ఉంది. మరి ఎవరిని కాపాడటానికి దాచినట్టు? 1987లో కథ మళ్ళీ మొదటినుంచి రాసినప్పుడు ఆ మారుపేరు తీసేశారు. ఆమె బలం ఏమీ తగ్గలేదు.

నాకు బాగా నచ్చింది కమలా ఖాన్. ఈమె పేరుతో 2014లో పుస్తకాలు మొదలయ్యాయి. అమ్మానాన్నలు పాకిస్తాన్ నుంచి అమెరికా వెళ్ళినవాళ్ళు. కమలకి శక్తి రాగానే ఏమయిందో తెలుసా? తెల్ల ఒళ్ళు, బంగారు రంగు జుట్టు ఉన్న వేరే హీరోయిన్‌లాగ మారిపోయింది! అలా ఉంటేనే గొప్ప అనుకుంది. తర్వాత మానేసి తన సొంత రూపంతోనే జనాన్ని కాపాడింది. కళ్ళకి ముసుగు కట్టింది, పేరు దాచింది. తన రంగు మాత్రం దాచలేదు. చివరికి అమ్మకి చెప్పబోతే అమ్మకి ముందే తెలుసు!

కాబట్టి దాచుకోవడం రెండు రకాలని నా అభిప్రాయం. ఇంటివాళ్ళ కోసం దాచడం ఒకటి. సిగ్గుపడి మనల్ని మనమే దాచుకోవడం ఇంకొకటి. మొదటిది అవసరమైతే చెయ్యాలి. రెండోది ఏ హీరోయిన్‌కీ వద్దు.

మనకి శక్తులు లేవు గాని రెండోది మనకి బాగా తెలుసు. బస్సులో కోయ మాట వింటే పక్కవాళ్ళు నవ్వుతారు. అందుకని కొందరు పిల్లలు గేటు దగ్గరకొచ్చిన అమ్మతో కూడా తెలుగులోనే మాట్లాడతారు. అమ్మకేమో సగం అర్థం కాదు. ఇలా ఎవరిని కాపాడుతున్నట్టు?

మేడమ్ గారికి ఒక మనవి. చదువుకునే టైములో తెలుగే మాట్లాడతాం. రాత్రి రూముల్లో మాత్రం మా మాట మమ్మల్ని మాట్లాడుకోనివ్వండి.

చెల్లెళ్ళూ, మీరేమంటారు? వచ్చే గోడపత్రికకి రాయండి.

– 9వ తరగతి విద్యార్థిని