ఎక్కడ మొదలై ఎక్కడికి చేరారు?

పదో తరగతి, ఇంటర్ ఫలితాల వేళ హైదరాబాద్ శివారు బాచుపల్లి రోడ్ల మీద ర్యాంకుల ఫ్లెక్సీలు బారులు తీరతాయి. అదే కుత్బుల్లాపూర్ నియోజకవర్గంలో, జీడిమెట్ల పారిశ్రామికవాడ చుట్టూ ఉన్న సర్కారు బడుల్లో ఏడాది పొడవునా జరిగే పని ఏ ఫ్లెక్సీకీ ఎక్కదు. బిహార్ నుంచో ఒడిశా నుంచో వలసొచ్చిన కార్మికుడి కూతురు, ఇంట్లో వినబడని తెలుగులో, జూన్‌లో గుణింతాల దగ్గరే ఆగిపోయి ఫిబ్రవరికి వాచకంలో ఒక పేజీ సొంతంగా చదివిందనుకోండి. టీచరుకు అంతకు మించిన సంతోషం ఏముంటుంది? కానీ మనం చివరి మార్కే చూస్తాం, మొదలైన చోటు చూడం. అందుకే ఆ సంతోషం తరగతి గది దాటి బయటకు రాదు.

మొదలైన చోటు నుంచి లెక్కగడితే ఏమవుతుందో తెలుగు నేల మీదే పరీక్షించారు. 2005 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని గ్రామీణ సర్కారు ప్రాథమిక బడుల్లో పరిశోధకులు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ చేసిన ప్రయోగమది. పిల్లలకు ఎన్ని మార్కులు వచ్చాయని కాదు, ఎంత మెరుగుపడ్డారని చూసి టీచర్లకు బోనస్ ఇచ్చారు. రెండేళ్లకు ఆ బడుల పిల్లలు లెక్కల్లో, భాషలో మిగతావారిని దాటారు. బోనస్‌తో సంబంధం లేని సైన్స్, సోషల్‌లోనూ ముందున్నారు.

అదంతా డబ్బు మహిమే, తృప్తిది కాదనే వాదన ఉంది. కొట్టిపారేయలేం. అదే పరిశోధకులు మరికొన్ని బడులకు పిల్లల లోపాలు వివరించే నివేదికలు మాత్రమే ఇస్తే, పరిశీలకులు వచ్చినప్పుడు టీచర్లు చురుగ్గా కనిపించారు, పిల్లల మార్కులు మాత్రం పెరగలేదు. కాబట్టి తృప్తే జీతమనే సన్మానసభల మాటలు నమ్మనక్కర్లేదు. పిల్లల ఎదుగుదలకు వ్యవస్థ విలువిస్తేనే దాన్ని చూసిన ఆనందం టీచరును ముందుకు నడిపిస్తుందని నేను అర్థం చేసుకున్నాను. ఆ విలువ ప్రతిసారీ నగదు రూపంలోనే ఉండనక్కర్లేదు.

2022లో తెలంగాణ సర్కారు బడుల్లో తెచ్చిన తొలిమెట్టు కార్యక్రమం పిల్లవాడు ఉన్న చోటు నుంచే మొదలుపెట్టమంది. దిశ సరైనదే. కాకపోతే రికార్డులు నింపడంతోనే సరిపోతోందంటే టీచర్లను తప్పుపట్టలేం. అయినా కొత్త రిజిస్టర్ ఎందుకు? జూన్ నోటుబుక్కు, ఫిబ్రవరి నోటుబుక్కు పక్కపక్కన పెడితే చాలు. వలస పిల్లలు మధ్యలోనే వెళ్లిపోతారు కదా అంటారా? వాళ్లకే ఇది మరీ అవసరం. ఉత్తీర్ణత శాతంలో వాళ్ల పేరే ఉండదు, ఈ నోటుబుక్కులైతే తర్వాతి బడికి వాళ్ల వెంటే వెళ్తాయి. తల్లిదండ్రుల సమావేశంలో మార్కుల కాగితం కన్నా ముందు ఆ రెండు నోటుబుక్కులు చూపించమని అడగండి.