బండి లేని పల్లెలూ కడుతున్న డీజిల్ పన్ను

పామర్రు సెంటర్‌లో పొద్దున్నే షేర్ ఆటో ఎక్కి కలుపుకో, మినుము తీతకో వెళ్లే మాల, మాదిగ పల్లెల ఆడవాళ్లకు పెట్రోల్ బంకుతో పనే ఉండదు. అయినా డీజిల్ పన్ను వాళ్లు రోజూ కడుతున్నారు. ఆటో చార్జీలో, కూరగాయల్లో, నూనె ప్యాకెట్‌లో అది కలిసే ఉంటుంది. నాలుగు ఎకరాలు కౌలుకు చేస్తే దమ్ము ట్రాక్టర్‌కీ, కోత మిషన్‌కీ ఇచ్చే కిరాయిలోనూ ఉంటుంది. కోత మిషన్ ముందు వాళ్ల కోత కూలిని పోగొట్టింది. ఇప్పుడు దాని డీజిల్ ఖర్చు కూడా కౌలుదారుగా వాళ్ల నెత్తినే పడింది.

ధర పెరిగినప్పుడల్లా ఢిల్లీ చెప్పే జవాబు ఒకటే, అంతర్జాతీయ మార్కెట్ అని. ముడిచమురులో 85 శాతానికి పైగా దిగుమతే కాబట్టి అందులో సగం నిజం ఉంది. మిగతా సగం తెలియాలంటే 2020ని గుర్తు చేసుకోవాలి. ఆ ఏప్రిల్‌లో ముడిచమురు పీపా 20 డాలర్ల దరిదాపులకు పడిపోయింది. లాక్‌డౌన్‌తో జనానికి పనుల్లేని రోజులవి. మే మొదట్లో కేంద్రం లీటరు పెట్రోల్‌పై 10, డీజిల్‌పై 13 రూపాయల సుంకం పెంచింది. బంకులో రేటు మారలేదు గనుక పెద్దగా గొడవ కాలేదు. మనకు తగ్గాల్సిన ధర ఖజానాకు వెళ్లింది, అంతే. 2014లో డీజిల్‌పై 3.56 రూపాయలున్న ఎక్సైజ్ సుంకం అలా 31.83కు చేరింది. 2021 నవంబరులోనూ, 2022 మేలోనూ తగ్గించాక కూడా 15.80 మిగిలింది. 2025 ఏప్రిల్‌లో చమురు మళ్లీ పడింది. మళ్లీ 2 రూపాయల సుంకం వేశారు, సిలిండర్‌పై 50 రూపాయలు పెంచారు.

ఈ డబ్బు ఎటు పోతోందన్నది మనవాళ్లు తక్కువగా మాట్లాడే విషయం. 2021 బడ్జెట్ నుంచి డీజిల్‌పై రాష్ట్రాలతో పంచుకునే మూల సుంకం లీటరుకు 1.80 మాత్రమే. మిగతాదంతా సెస్సులు, ప్రత్యేక సుంకాల పేరుతో కేంద్రం దగ్గరే ఉంటుంది. రాష్ట్రానికే రాని డబ్బులో 2013 ఉప ప్రణాళిక చట్టం కింద మన వాటా ఎక్కడి నుంచి వస్తుంది? రాష్ట్రమూ తక్కువ తినలేదు. డీజిల్‌పై 22.25 శాతం వ్యాట్, పైన 4 రూపాయలు, ఇంకో రూపాయి రోడ్డు సెస్సు. వ్యాట్ శాతం లెక్కన ఉంది కాబట్టి ధర పెరిగితే పన్నూ పెరుగుతుంది.

ధరలు పెరిగినంత వేగంగా కూలి పెరగదని, ఆ తేడా యజమాని లాభంలోకి పోతుందని అంబేడ్కర్ 1923లోనే ‘ది ప్రాబ్లమ్ ఆఫ్ ది రూపీ’లో చూపించారు. ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలి 2020-21లో 237 రూపాయలు, 2025-26లో 307. అదీ ఏడాదికొక్కసారే సవరిస్తూ వచ్చారు. బంకు ధరను మాత్రం 2017 జూన్ నుంచి రోజూ మార్చుకునే వీలు కల్పించారు.

పామర్రు ఎస్సీ రిజర్వుడ్ నియోజకవర్గం. ఓట్లడగడానికి పల్లెలకు వచ్చేవాళ్లను రోడ్డు, లైటుతో పాటు ఈ సెస్సుల సంగతి కూడా అడగాలి. వాటిని రాష్ట్రాలతో పంచే పద్దులో చేర్చాలని, వ్యాట్‌ను శాతం నుంచి లీటరుకింత అనే లెక్కకు మార్చాలని మేం కోరుతున్నాం.