పల్లె ఆరోగ్యం చెరువు గట్టున మొదలవుతుంది: కారంచేడు నేర్పిన పాఠం



"పల్లెటూరి గాలి, పల్లెటూరి తిండి ఉంటే డాక్టరుతో పనేముంది?" అన్న మాట నేను ఉద్యోగంలో ఉన్నప్పుడూ విన్నాను, ఇప్పుడూ వింటున్నాను. పచ్చని వరిచేలు, పాడిగేదెలు, పెరటి కూరగాయలు ఆరోగ్యానికి మేలు చేసేవే, కాదనను. అయితే ప్రభుత్వ వైద్యుడిగా పనిచేసినంత కాలం ఒక విషయం నా కంటపడుతూనే ఉండేది. తొలకరి వానలు పడగానే వాంతులు, విరేచనాలతో వచ్చేవారిలో ఊరి నడుమ ఉండేవారికంటే ఊరి చివర ఉండేవారే ఎక్కువ. ఊరు ఒక్కటే, గాలి ఒక్కటే. తేడా నీళ్ళలో ఉండేది.

మన కోస్తా జిల్లాల్లో 'ఊరు' వేరు, 'పల్లె' వేరు. ఊరంటే రైతుల ఇళ్ళు, బజారు, గుడి. పల్లె అంటే ఊరికి ఎడంగా ఉండే మాలపల్లె, మాదిగపల్లె. పంట పండించే చేతుల్లో సగం పల్లెవే. నీళ్ళ దగ్గరకు వచ్చేసరికి మాత్రం పల్లెది చివరి వంతు. గ్రామీణ ఆరోగ్యం గురించి మాట్లాడదలచినవారు ముందుగా చూడవలసింది ఈ చివరి వంతునే అని నా అభిప్రాయం. అందుకు కారంచేడు కంటే స్పష్టమైన ఉదాహరణ నాకు కనిపించలేదు.

కారంచేడు చీరాల నుంచి పర్చూరు వెళ్ళే దారిలో ఉంది. ఒకప్పుడు ప్రకాశం జిల్లా. 2022 నుంచి బాపట్ల జిల్లా. కృష్ణా పశ్చిమ డెల్టా కొసన ఉన్న ప్రాంతమిది. సముద్రం దగ్గర కావడంతో ఇటువైపు చాలాచోట్ల బావి తవ్వితే ఉప్పునీరే పడుతుంది. అందుకే కాలువలు పారే రోజుల్లో చెరువులు నింపుకొని, కాలువలు కట్టేసిన తరువాత ఆ నీళ్ళే తాగడం ఇక్కడి అలవాటు. ఇటువంటి చోట మంచినీళ్ళ చెరువు పాడైతే గత్యంతరం ఉండదు.

1985 జూలై 16న కారంచేడులో, మాదిగపల్లెవారు తాగునీటికి వాడుకునే చెరువు దగ్గర, భూస్వామి కుటుంబానికి చెందిన ఒక యువకుడు గేదెకు కుడితి పెట్టిన బకెట్టు కడిగాడు. ఆ మురికి తాగే నీళ్ళలో కలుస్తుంటే పల్లెకు చెందిన ఒకతను అభ్యంతరం చెప్పాడు. అందుకు అతన్ని కొట్టారు. నీళ్ళకు వచ్చిన మున్నంగి సువార్త అనే మాదిగ స్త్రీ ఇదేమిటని అడిగింది. ఆమె మీదికీ వచ్చారు. ఆత్మరక్షణకు ఆమె చేతిలోని బిందె ఎత్తింది. మరునాడు, జూలై 17న, ఊరిలోని కమ్మ భూస్వాములు గుంపుగా పల్లె మీద దాడి చేశారు. పొలాల్లోకి పారిపోయినవారిని కూడా వెంటాడారు. ఆరుగురు మాదిగలు హత్యకు గురయ్యారు. బాలికలపై అత్యాచారాలు జరిగాయి. మిగిలినవారు కట్టుబట్టలతో చీరాల చేరి చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. వారిలో చాలామంది తిరిగి కారంచేడు వెళ్ళలేదు. చీరాలలోనే విజయనగర్ కాలనీ ఏర్పడింది. ఆ ఏడాదే దళిత మహాసభ పుట్టింది. 1989లో వచ్చిన షెడ్యూల్డ్ కులాలు, తెగల అత్యాచారాల నిరోధక చట్టానికి దారితీసిన ఘటనలలో కారంచేడు ఒకటి. సుప్రీంకోర్టు తుది తీర్పు వచ్చేసరికి 2008 అయింది. అంటే 23 ఏళ్ళు.

ఈ ఘటనను కుల సమస్యగా, భూమి సమస్యగా, ఆత్మగౌరవ పోరాటంగా పెద్దలు ఎందరో విశ్లేషించారు. ఆ విశ్లేషణలన్నీ అవసరమైనవే. వైద్యుడిగా నేను చెప్పదలచింది ఒక్కటే. ఆ రోజు చెరువు దగ్గర అభ్యంతరం చెప్పిన ఆ ఇద్దరూ చేసింది ప్రజారోగ్య రక్షణ. వైద్య కళాశాలలో మాకు మొదట నేర్పిన పాఠాన్ని వారు ఏ కళాశాల మెట్లూ ఎక్కకుండానే ఆచరించారు.

పశువు తాగి వదిలిన కుడితిలో ఏముంటుందో ఆలోచించండి. పశువు చొంగ ఉంటుంది. కొట్టంలోని పేడ, మూత్రం అంటిన బకెట్టు అది. పేడలో ఈ.కోలై వంటి సూక్ష్మజీవులు కోట్ల సంఖ్యలో ఉంటాయి. వాటిలో కొన్ని రకాలు రక్త విరేచనాలు కలిగిస్తాయి. పశువుల మూత్రం ద్వారా లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం వ్యాపిస్తుంది. అది ముదిరితే కామెర్లు వచ్చి మూత్రపిండాలు దెబ్బతింటాయి. పశువుల నుంచి వచ్చే క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి మనం మామూలుగా కలిపే క్లోరిన్‌కు చావదు. అందుకే 100 మిల్లీలీటర్ల తాగునీటిలో ఒక్క ఈ.కోలై కూడా ఉండరాదని మన దేశ ప్రమాణం చెబుతోంది. "ఒక్క బకెట్టు కడిగితే ఏమవుతుంది?" అన్న ప్రశ్నకు వైద్యశాస్త్రం ఇచ్చే సమాధానం ఇది.

1854లో లండన్ నగరంలోని బ్రాడ్ స్ట్రీట్ ప్రాంతంలో కలరా వ్యాపించినప్పుడు జాన్ స్నో అనే వైద్యుడు ఇంటింటికీ తిరిగి, రోగానికి మూలం ఒక చేతిపంపు నీరేనని గుర్తించాడు. అక్కడి అధికారులు అతని మాట విని ఆ పంపు పిడి తీయించారు. ప్రపంచమంతా వైద్య విద్యార్థులు ఆయన కథ చదువుతారు. కారంచేడులో సువార్త అడిగిన ప్రశ్న కూడా అలాంటిదే: మేము తాగే నీళ్ళను ఎందుకు పాడుచేస్తున్నారు? స్నో మాట విన్నారు. ఆమె మాటకు ఆమె వాడకే మూల్యం చెల్లించింది. అంతకు ముందు 1927 మార్చి 20న మహారాష్ట్రలోని మహద్‌లో డాక్టర్ అంబేడ్కర్ వేలాది మందితో వెళ్ళి చవదార్ చెరువు నీళ్ళు తాగినప్పుడు కూడా దాడులు జరిగాయి. మన దేశంలో నీళ్ళ గురించి ప్రశ్న అడగడం చాలాకాలంగా ప్రమాదకరమైన పనే.

"డాక్టరుగారూ, కులాల సంగతి మీకెందుకు? మందులూ జాగ్రత్తలూ చెప్పండి చాలు" అని కొందరు అనవచ్చు. ఆ జాగ్రత్తల కోసమే చెబుతున్నాను. ఏ చెరువుకూ, ఏ ట్యాంకుకూ రాత్రింబవళ్ళు ఉద్యోగి కాపలా ఉండడు. నీళ్ళు వాడుకునేవారే దానికి కాపలా. తప్పు చేసినవాడు ఎంత పెద్దవాడైనా "ఇది తప్పు" అని చెప్పగలిగిన చోటే ఆ కాపలా పనిచేస్తుంది. అడిగినవారికి కూలిపని పోతుందనో, దెబ్బలు తగులుతాయనో భయం ఉన్న చోట ఎంత బ్లీచింగ్ పౌడరు చల్లినా ప్రయోజనం పరిమితమే. భయం ఉన్న ఊళ్ళో నీళ్ళు శుభ్రంగా ఉండవు.

"ఇప్పుడు రోజులు మారాయి, అందరూ 20 లీటర్ల క్యాన్లు కొనుక్కుంటున్నారు కదా" అనేవారూ ఉన్నారు. ఇది నాకు మరింత ఆందోళన కలిగిస్తోంది. కొనగలిగినవారు క్యాన్ల వైపు వెళ్ళిపోతే ఊరుమ్మడి నీటిని పట్టించుకునేవారు కరువవుతారు. పంచాయతీని నిలదీయగల గొంతులు ఆ నీళ్ళు తాగవు. ఆ నీళ్ళు తాగేవారి గొంతులు పంచాయతీ దాకా చేరవు. రోజుకూలీ మీద బతికే ఇంట్లో క్యాను కొనే డబ్బు పిల్లల పాలకో, గుడ్డుకో సరిపోయే డబ్బు. పైగా క్యాను నీరు సురక్షితమన్న హామీ లేదు. అందులో క్లోరిన్ మిగలదు కనుక క్యాను సరిగ్గా కడగకపోయినా, చెయ్యి ముంచినా సూక్ష్మజీవులు తిరిగి చేరతాయి.

కాబట్టి నా సూచనలు ఇవి.

మంచినీళ్ళ చెరువుకు కంచె ఉండాలి. పశువులకు విడిగా తొట్టి కట్టించాలి. రైతుకు గేదె ఎంత ముఖ్యమో నాకు తెలుసు; దానికీ నీళ్ళు కావాలి. అయితే తాగే చెరువు దగ్గర మాత్రం కాదు.

ట్యాంకులో ప్రతి 1,000 లీటర్ల తేట నీటికి సుమారు రెండున్నర గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడరు కలిపి, గంట తరువాతే నీరు వదలాలి. బురద నీటికి ఈ మోతాదు చాలదు. ముందు వడపోత జరగాలి.

క్లోరిన్ పరీక్ష ట్యాంకు దగ్గర కాకుండా పైపు కొసన, పల్లెలోని చివరి ఇంటి కుళాయి దగ్గర చెయ్యాలి. ట్యాంకు కింద అంతా సవ్యంగానే ఉంటుంది. చివరి కుళాయిలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ ఉంటే ఊరంతా క్షేమమని నమ్మవచ్చు.

2019లో మొదలైన జల్ జీవన్ మిషన్ కింద ప్రతి గ్రామంలోనూ నీటి, పారిశుధ్య కమిటీ ఉండాలి. అందులో సగం మంది స్త్రీలు ఉండాలి. గ్రామానికి ఐదుగురు స్త్రీలకు నీటి పరీక్షలో శిక్షణ ఇవ్వాలి. మీ ఊరి కమిటీలో ఎవరున్నారో అడగండి. చివరి కుళాయి దగ్గర నీళ్ళు పట్టుకునే స్త్రీ అందులో లేకపోతే ఆ కమిటీ కాగితం మీదే ఉన్నట్టు. అందరికంటే ముందు నీటి రంగు, వాసన మారినట్టు కనిపెట్టేది ఆమే.

అనుమానం ఉన్న రోజుల్లో నీటిని తెర్లేదాకా కాచి చల్లార్చి తాగండి. విరేచనాలు మొదలైతే ఆలస్యం చెయ్యకుండా ఓ.ఆర్.ఎస్. ఇవ్వండి. పసిపిల్లలకు తల్లిపాలు ఆపవద్దు. రక్తం పడినా, మూత్రం తగ్గినా, మగతగా ఉన్నా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.

చివరగా ఒక్క మనవి. మీ ఊరికి వెళ్ళినప్పుడు పొలాలూ బంధువులనూ చూసి వచ్చేయకుండా పల్లె చివరి కుళాయి దాకా ఒకసారి నడిచి వెళ్ళండి. అక్కడి నీళ్ళు ఒక గాజు గ్లాసులో పట్టి చూడండి. మీ మనవడికి ఆ నీళ్ళు తాగించడానికి మీ మనసు ఒప్పుకోకపోతే, అదే రోజు పంచాయతీలో ఆ మాట అడగండి. కారంచేడులో ఆ మాట అడగడానికి ఒక పేద స్త్రీ ఒంటరిగా నిలబడవలసి వచ్చింది. మీ ఊళ్ళో ఆ అవసరం ఎవరికీ రాకూడదు.