బలం కాదు, బరువు చూడండి

ఇంగ్లండ్‌లో మాక్లెస్‌ఫీల్డ్ నుంచి బక్స్‌టన్ వెళ్లే ఏ537 రోడ్డు కొండల మీదుగా మెలికలు తిరుగుతూ సాగుతుంది. కార్లన్నా బైకులన్నా ప్రాణమిచ్చేవారిలో ఆ దారికి పెద్ద పేరుంది. ఘోర ప్రమాదాలు కూడా అక్కడ ఎక్కువే కావడంతో వేగాన్ని గంటకు 50 మైళ్లకు, అంటే 80 కిలోమీటర్లకు పరిమితం చేసి, సగటు వేగాన్ని లెక్కగట్టే కెమెరాలు పెట్టారు. కెమెరా దగ్గర తగ్గించి, దాటాక తొక్కేద్దామంటే కుదరదు. ఇలాంటి రోడ్డు మీదకు ఈనాటి ఫోక్స్‌వాగన్ గోల్ఫ్ జీటీఐ వెళ్లిందనుకోండి. 265 హార్స్‌పవర్, ఆరు సెకన్లలోపే వంద కిలోమీటర్ల వేగం, ఆపైన 250 దాకా పరుగు. 80 పరిమితిలో అక్కడి మలుపులు దానికి లెక్కలోకే రావు. కారుకే పని లేనప్పుడు స్టీరింగ్ పట్టుకున్న మనిషికి పనేముంటుంది? ఐదుగురు కూర్చోగల, డిక్కీ నిండా సామాను పట్టే, కావలసినంత బలమున్న ఇలాంటి కారును అమ్మేసి, రెండే సీట్లుండి టాపు తీసేయడానికి వీలయ్యే తేలికపాటి స్పోర్ట్స్ కారు కొనుక్కునేవారు బ్రిటన్‌లో ఉన్నారు. ఇంట్లోవాళ్లకీ చుట్టాలకీ అది తిక్కపనిలా కనిపిస్తుంది. నిజానికి, నడపడమంటే ఇష్టమున్న మనిషికి అంతకంటే లెక్క ప్రకారం చేసే పని మరొకటి లేదనేది నా వాదన.

గోల్ఫ్ జీటీఐని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. 1976లో అమ్మకానికి వచ్చిన తొలి జీటీఐలో 1.6 లీటర్ల ఇంజిన్, 110 హార్స్‌పవర్ ఉండేవి. బరువు ఎనిమిది వందల కిలోలకు కాస్త పైన. పొద్దున పిల్లల్ని బడి దగ్గర దించి, సాయంత్రం కూరగాయలు తెచ్చి, ఆదివారం కొండదారుల్లో యజమాని ముఖాన నవ్వు పూయించగల కారు అది. ఒకే ఇంటికి ఒకే కారుతో అన్నీ అమరాలన్న ఆలోచన అక్కడ నిజంగా ఫలించింది. తర్వాతి యాభై ఏళ్లలో ఆ పేరుతోనే కారు పెరుగుతూ వచ్చింది. 3.7 మీటర్ల పొడవు 4.3 మీటర్లకు దగ్గరైంది. బరువు 1,450 కిలోల దరిదాపులకు చేరింది. ఇందులో కొంత పెరుగుదల న్యాయమైనదే. ఎయిర్‌బ్యాగులు, ఢీకొన్నప్పుడు లోపలివారిని కాపాడే గట్టి బాడీ ఊరికే రావు, వాటికి బరువుంటుంది. చప్పుడు రాకుండా కూర్చిన పొరలు, పెద్ద చక్రాలు, తెరలు, మోటార్లతో కదిలే సీట్లు సరదా కోసం చేరినవి. ఆ బరువును మోయడానికి బలం పెంచారు. తాజా జీటీఐలో క్లచ్ పెడల్ కూడా లేదు, ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఒక్కటే దొరుకుతుంది. నడిపే ఆనందం పేరు మీద పుట్టిన కారు నడిపేవాడి ఎడమ కాలికి సెలవిచ్చేసింది. దీన్ని చిన్న విషయమని నేను అనుకోను.

బరువు ఒంటరిగా రాదు. మలుపు తిరిగేటప్పుడు కారును బయటికి లాగే బలం బరువుతో పాటు పెరుగుతుంది, వేగం వర్గంతో పెరుగుతుంది. దాన్ని నిలబెట్టాల్సింది రోడ్డును తాకి ఉన్న కాస్తంత రబ్బరే. టైరు మీద భారం రెట్టింపు చేస్తే దాని పట్టు రెట్టింపు కాదు, అంతకన్నా తక్కువే పెరుగుతుంది. కాబట్టి బరువైన కారుకు వెడల్పాటి టైర్లు కావాలి. వెడల్పాటి టైర్లకు పెద్ద చక్రాలు, వాటిని ఆపడానికి పెద్ద బ్రేకులు, బాడీ ఒరిగిపోకుండా గట్టి స్ప్రింగులు. గట్టి స్ప్రింగులతో గతుకుల మీద నడుము విరుగుతుంది గనుక వాటిని మెత్తబరచడానికి ఎలక్ట్రానిక్ డంపర్లు. ఇవన్నీ మళ్లీ బరువే. ఒక్కో పరికరం అద్భుతంగా పనిచేస్తుంది. అన్నీ కలిసి చేసే పని మాత్రం, రోడ్డు చెప్పే కబురు చేతికి చేరకుండా అడ్డుకోవడం. వంద కిలోమీటర్ల వేగంలో అరవైలో ఉన్నట్టే ఉంటుంది. చప్పుడు తగ్గిస్తే డ్రైవర్లు తమ వేగాన్ని తక్కువగా అంచనా వేసుకుంటారని ప్రయోగాల్లో తేలింది. అంటే కారు మనల్ని ఎంత బాగా మొద్దుబారిస్తే, ఏదో ఒకటి అనుభవంలోకి రావడానికి అంత వేగంగా పోవాలి. చట్టం దాటకుండా అక్కడికి చేరడం అసాధ్యం.

ఇప్పుడు రెండో వైపు చూద్దాం. మజ్దా ఎంఎక్స్-5ను, అమెరికాలోని మనవాళ్లు మియాటా అని పిలిచే కారును, 1989 ఫిబ్రవరిలో చికాగో ఆటో షోలో మొదట ప్రదర్శించారు. అప్పటికి ఆంగ్లేయుల చిన్న స్పోర్ట్స్ కార్ల కథ దాదాపు ముగిసింది. ఎంజీ కార్లు తయారైన ఆబింగ్డన్ ఫ్యాక్టరీ 1980లోనే మూతపడింది. ఆ ఖాళీని జపాన్ వాళ్లు పూరించారు. తొలి కారుకు 1.6 లీటర్ల ఇంజిన్, సుమారు 115 హార్స్‌పవర్, వెయ్యి కిలోల లోపు బరువు. 2015లో వచ్చిన నాలుగో తరం కారు కూడా వెయ్యి కిలోల దగ్గరే ఆగింది. తరం మారినప్పుడల్లా ఒళ్లు చేసే పరిశ్రమలో ఇది చిన్న విజయం కాదు, ఇంజినీర్లు బోల్టు బోల్టుకూ గ్రాములు లెక్కపెడితే సాధ్యమైంది. రెండు లీటర్ల ఇంజిన్ ఉన్న రకానికి 184 హార్స్‌పవర్. టన్ను బరువుకు లెక్కవేస్తే జీటీఐకి సుమారు 180, దీనికి 175. కాగితం మీద ఇద్దరూ సమఉజ్జీలే. తేడా అంతా ఆ బలాన్ని ఎలా ఇస్తారన్నదాంట్లో ఉంది. జీటీఐలో టర్బో కింది నుంచే తోసేస్తుంది, కాలు ఆనిస్తే చాలు. ఎంఎక్స్-5లో టర్బో లేదు. సరైన గేరు ఎంచుకోవాలి, ఇంజిన్‌ను నిమిషానికి 7,000 చుట్లు దాటి తిప్పాలి, మలుపుకు ముందే ఆలోచించాలి. ముందు చక్రాలు తిరుగుతాయి, వెనక చక్రాలు తోస్తాయి, ఎవరి పని వారిది.

లోటస్ ఎలీజ్ ఇంకా దూరం వెళ్లింది. 1996లో వచ్చిన ఈ కారు బరువు 725 కిలోలు, ఇంజిన్ 118 హార్స్‌పవర్. అల్యూమినియం దూలాలను వెల్డింగ్ చేయకుండా జిగురుతో అతికించి తయారుచేసిన ఛాసిస్ 68 కిలోలు మాత్రమే తూగేది. ముందు టైర్ల వెడల్పు 185 మిల్లీమీటర్లు. మన మారుతీ స్విఫ్ట్‌లో కొన్ని రకాలకు వేసే టైర్ల వెడల్పూ అంతే. మోయాల్సిన బరువు లేదు కాబట్టి పవర్ స్టీరింగ్ అక్కర్లేదు. అది లేదు కాబట్టి తడి రోడ్డు మీద పట్టు ఎక్కడ సడలుతోందో అరచేతికి ముందే తెలిసిపోతుంది. లోటస్‌ను స్థాపించిన కోలిన్ చాప్‌మన్ తన జీవితమంతా చెప్పిన పాఠం ఇదే: బలం పెంచితే తిన్నటి రోడ్డు మీదే లాభం, బరువు తగ్గిస్తే ప్రతిచోటా లాభం. ఆయన 1957లో తెచ్చిన లోటస్ సెవెన్‌కు వారసులుగా కేటర్‌హామ్ కంపెనీ నేటికీ తయారుచేస్తున్న కార్లలో అతి చిన్నది 170. బరువు 440 కిలోలు, ఇంజిన్ సుజుకీ వారి 660 సీసీ, బలం 84 హార్స్‌పవర్. మన కుటుంబ కార్ల ఇంజిన్లలో చాలావరకు దానికంటే పెద్దవే.

టాపు లేకపోవడాన్ని చాలామంది షోకు కింద జమకడతారు. మన సినిమాల్లో అలాంటి కారు కనిపించిందంటే డ్యూయెట్టో, డబ్బున్న హీరో రాకో అయి ఉంటుంది గనుక ఆ ముద్ర పడిపోయింది. ఇక్కడొక తేడా గమనించాలి. మామూలు కారు టాపు కోసేస్తే బాడీ మెలితిరుగుతుంది, దాన్ని బిగించడానికి కింద ఉక్కు కలపాలి, కారు మరింత బరువెక్కుతుంది. అలాంటి కార్లు షోకే. మొదటినుంచీ టాపు లేకుండా గీసిన తేలికపాటి రోడ్‌స్టర్ వేరు. ఎంఎక్స్-5 గుడ్డ టాపును సీట్లో కూర్చునే ఒక చేత్తో కొన్ని క్షణాల్లో వెనక్కి మడవొచ్చు. మడిచాక 80 కిలోమీటర్ల వేగం నిజంగా 80లాగే ఉంటుంది. గాలి తగులుతుంది, రాతి గోడల పక్కనుంచి ఇంజిన్ చప్పుడు తిరిగి వినిపిస్తుంది, కోసిన గడ్డి వాసన వస్తుంది. వేగమనే అనుభవం పరిమితికి లోపలే దొరుకుతుంది.

దీనికి వచ్చే అభ్యంతరాల్లో మొదటిది గట్టిదే: తేలిక కారు కూడా సునాయాసంగా పరిమితి దాటగలదు కదా? దాటగలదు. బ్రిటన్‌లో గరిష్ఠమైన గంటకు 70 మైళ్ల పరిమితిని ఎంఎక్స్-5 మూడో గేరులోనే దాటేస్తుంది. దాటాల్సిన అవసరం తగ్గుతుందనడమే నా వాదన, దాటలేదని కాదు. మూర్ఖుడికి ఏ కారిచ్చినా ఒకటే. ఇష్టంతో, ఒళ్లు దగ్గర పెట్టుకుని నడిపేవాడికి మాత్రం తృప్తి ఏ వేగంలో దొరుకుతుందన్నది చాలా ముఖ్యం.

భద్రత గురించి అడిగితే తప్పించుకోవడానికి లేదు. బరువైన వాహనం, తేలికైన వాహనం ఎదురెదురుగా ఢీకొంటే దెబ్బ తేలికదానికే ఎక్కువ. ఇది భౌతికశాస్త్ర నియమం, ఇంజినీర్లు దాన్ని రద్దు చేయలేరు. యూరో ఎన్‌క్యాప్ పరీక్షలో గోల్ఫ్‌కు ఐదు నక్షత్రాలు వస్తే ఎంఎక్స్-5కు 2015లో నాలుగు వచ్చాయి. తొలినాటి ఎలీజ్‌లో ఎయిర్‌బ్యాగులే లేవు. అందుకే కొత్తగా లైసెన్సు తీసుకున్న కుర్రవాడికి పాత ఎలీజ్ కొనిపెట్టమని నేను చెప్పను. కానీ ఇదే నియమాన్ని అటువైపు నుంచి కూడా చదవాలి. నా భద్రత కోసం నేను బరువు పెంచుకుంటే, ఆ మేరకు ఎదుటి కారువాడి ప్రమాదం పెరుగుతుంది. అతనూ పెంచుకుంటాడు. ఈ పోటీ ఎక్కడిదాకా వచ్చిందంటే 2024లో వచ్చిన బీఎండబ్ల్యూ ఎం5 బరువు 2,400 కిలోలు దాటింది. ఈ పోటీలో ఎప్పటికీ గెలవలేనివాడు రోడ్డు దాటే పాదచారి.

కుటుంబం మాటకొస్తే, ఇద్దరు పిల్లలుండి ఒకే కారున్న ఇంట్లో ఈ మార్పిడి గురించి ఆలోచించనే కూడదు. అందులో చర్చకు తావు లేదు. అయితే ఇంగ్లండ్, వేల్స్‌లలో దాదాపు మూడో వంతు ఇళ్లలో రెండు లేదా అంతకన్నా ఎక్కువ కార్లున్నాయి. ఒక్కో ప్రయాణంలో కారులో ఉండేవారు సగటున ఇద్దరు కూడా కారు. ఏడాదికి రెండుసార్లు విమానాశ్రయానికి చుట్టాల్ని తేవడం కోసం మిగతా రోజులన్నీ ఖాళీ సీట్లు మోస్తున్నారు. ఆ రెండు రోజులకు పెద్ద కారు అద్దెకు తీసుకోవచ్చు. లండన్ శివార్లలోనో రెడింగ్‌లోనో స్థిరపడి, పిల్లలు యూనివర్సిటీకి వెళ్లిపోయిన తెలుగు దంపతులకు ఇంట్లో రెండు బలమైన పెద్ద కార్లెందుకో నాకు అర్థం కాదు. డబ్బు కోణంలో చూసినా ఎంఎక్స్-5 భారం కాదు. పది లక్షలకు పైగా తయారైన కారు అది, సెకండ్‌హ్యాండ్‌లో బోలెడన్ని దొరుకుతాయి, చిన్న టైర్లు, చిన్న బ్రేకులు చౌక. కొనేముందు చూసుకోవాల్సినవి లేకపోలేదు. శీతాకాలంలో రోడ్ల మీద చల్లే ఉప్పుకు పాత ఎంఎక్స్-5ల అంచులు తుప్పుపడతాయి. తొలి ఎలీజ్‌ల రోవర్ ఇంజిన్‌కు హెడ్ గాస్కెట్ బలహీనత.

మరి మన రాష్ట్రాల సంగతి? మేలో విజయవాడ ఎండకు టాపు తీసి తిరగమనడం అన్యాయం. దుమ్ము, పొగ, లారీల హారన్లు సరేసరి. 1990ల చివర్లో గోవాలో శాన్ స్టార్మ్ అనే రెండు సీట్ల చిన్న ఓపెన్ కారు తయారైంది, ఫైబర్‌గ్లాస్ బాడీ, రెనో ఇంజిన్‌తో. అది నిలబడలేదు. ఈనాడు ఇక్కడ దొరికే ఓపెన్ కార్లు బాగా డబ్బున్నవారికే. గోల్ఫ్ జీటీఐ 2025లో భారత్‌కు వచ్చినప్పుడు దాని ధర 53 లక్షల దగ్గర మొదలైంది. గరిష్ఠ వేగం 120గా ఉన్న హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద దాని బలంలో సగం కూడా అక్కరకు రాదు. అయినా బరువు గురించిన వాదన మనకు పరాయిది కాదు. కొత్త స్విఫ్ట్ సుమారు 920 కిలోలే, ఎంఎక్స్-5 కంటే తేలిక. మారేడుమిల్లి ఘాట్‌లోనో అరకు దారిలోనో బాగా సర్వీసు చేయించిన మాన్యువల్ హ్యాచ్‌బ్యాక్ ఇచ్చే ఆనందాన్ని ఎత్తయిన ఎస్‌యూవీ ఇవ్వలేదు. ఇవాళ దేశంలో అమ్ముడయ్యే ప్యాసింజర్ వాహనాల్లో సగానికి పైగా ఎస్‌యూవీల తరహావే. బలం, ఎత్తు హోదా అయిపోయి, తేలికదనం పేదరికానికి గుర్తుగా మారడం నాకు బాధ కలిగిస్తుంది.

ఐరోపాలోనూ సమయం మించిపోతోంది. ఎలీజ్ తయారీ 2021లో ఆగింది. చాప్‌మన్ పెట్టిన ఆ కంపెనీయే ఇప్పుడు రెండున్నర టన్నుల దగ్గర తూగే ఎలక్ట్రిక్ ఎస్‌యూవీ ఎలెట్రెను అమ్ముతోంది. పోర్షా 718 బాక్స్‌టర్ పెట్రోలు కారు 2024లో యూరోపియన్ యూనియన్ మార్కెట్ నుంచి తప్పుకుంది. కొత్త నిబంధనలకు తగ్గట్టు తక్కువ సంఖ్యలో అమ్ముడయ్యే కార్లను మార్చడం కంపెనీలకు గిట్టుబాటు కావడం లేదు. కాబట్టి మార్పిడి మీద మనసున్నవారు షోరూమ్ చుట్టూ ఒక రౌండ్ కొట్టి తేల్చుకోకూడదు. తమ జీటీఐని, అమ్మకానికున్న ఎంఎక్స్-5ను ఒకే రోజు, ఒకే వంకర దారిలో, రెండింటినీ 80 కిలోమీటర్లు దాటకుండా నడిపి చూడాలి. పక్కన కూర్చునేవారిని కూడా తీసుకెళ్లాలి; ఆ రెండో సీటు వారిది, వారి మాటకూ సగం విలువుంది.