బరువు తగ్గించే సర్జరీ: భయమూ వద్దు, తొందరా వద్దు

మధురవాడ నుంచి ఇటీవల ఓ దంపతులు నా ఓపీకి వచ్చారు. ఆమెకు 42 ఏళ్లు. ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు, బరువు 112 కిలోలు. అంటే బీఎంఐ 45. ఇన్సులిన్ మోతాదు ఏటా పెరుగుతోంది. రాత్రి గురక మధ్యలో ఊపిరాగి ఉలిక్కిపడి లేస్తున్నారు. బేరియాట్రిక్ సర్జరీ గురించి ఆలోచించమన్నాను. ‘వద్దు డాక్టర్ గారూ, ఆర్తీ అగర్వాల్ ఇలాగే కదండీ పోయింది!’ అన్నారు భర్త.

ఆ నటి 2015 జూన్‌లో, అమెరికాలోని న్యూజెర్సీలో 31 ఏళ్లకే కన్నుమూశారు. అంతకు కొన్ని వారాల ముందు లైపోసక్షన్ చేయించుకున్నారన్న వార్త మన ఇళ్లలో నాటుకుపోయింది. అయితే లైపోసక్షన్ అంటే చర్మం కింది కొవ్వును పీల్చి ఒంటి తీరు మార్చడం. అది ఊబకాయానికి చికిత్స కాదు. బేరియాట్రిక్ సర్జరీ వేరు. ‘స్లీవ్’ పద్ధతిలో జీర్ణాశయాన్ని చాలావరకు తొలగిస్తారు. ‘బైపాస్’లో ఆహారం వెళ్లే దారి మళ్లిస్తారు. ఆకలి హార్మోన్లు కూడా మారతాయి. చాలామందిలో షుగర్ అదుపులోకి వస్తుంది.

ముప్పు లేదా? ఉంది. కుట్ల దగ్గర లీక్, రక్తస్రావం, రక్తనాళాల్లో గడ్డలు రావచ్చు. అనుభవమున్న సెంటర్లలో తొలి నెలలో ప్రాణాపాయం వెయ్యి మందిలో ఒకరి నుంచి ముగ్గురికి. కానీ ఆపరేషన్ చేయించుకోకపోతే ఉండే ముప్పును ఎవరూ లెక్కవేయరు. నాలుగు వేల మందికి పైగా ఊబకాయులను ఏళ్ల తరబడి గమనించిన స్వీడన్ అధ్యయనం 2007లో చెప్పిందిదే: సర్జరీ చేయించుకున్నవారిలో మరణాలు తక్కువ.

అలాగని పెళ్లిచూపుల ముందు పది కిలోలు తగ్గించే దారి కాదిది. మన దేశంలో సాధారణంగా బీఎంఐ 37.5 దాటినవారికి, షుగర్, నిద్రలో ఊపిరాగడం వంటివి ఉంటే 32.5 దాటినవారికి సూచిస్తాం. ఆరోగ్య బీమా షరతులు ఇంకా కఠినం. పాలసీ ముందే చదవండి.

ఆపరేషన్ తర్వాతే అసలు బాధ్యత. విటమిన్లు, ఐరన్, రక్తపరీక్షలు జీవితాంతం తప్పవు. గర్భం ఏడాది, ఏడాదిన్నర వాయిదా వేయాలి. వాంతులు ఆగకపోయినా, గుండెదడ, జ్వరం, కడుపునొప్పి వచ్చినా వెంటనే ఆస్పత్రికి రావాలి. తిండి అదుపు తప్పితే బరువు మళ్లీ పెరుగుతుంది.

ఆ భర్తకు ఒకటే చెప్పాను. సర్జన్‌ను ప్యాకేజీ ధర ఒక్కటే అడగొద్దు. ఇలాంటివి ఎన్ని చేశారు, ఐసీయూ ఉందా, అర్ధరాత్రి ఇబ్బందైతే ఎవరు చూస్తారు, అయిదేళ్ల తర్వాత కూడా మిమ్మల్ని పరీక్షిస్తారా అని అడగండి. సూటిగా జవాబు వస్తేనే సంతకం పెట్టండి.